ఎగిరిన ట్రక్కు నేలకు దిగేదెలా?

(డకార్ ర్యాలీ ట్రక్కుల నిర్మాణం గురించి మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అధ్యాపకులకూ విద్యార్థి మిత్రులకూ నమస్కారం. ప్రసంగంలోకి వెళ్లే ముందు ఈ బల్ల మీద పెట్టిన ఇనుప ముక్కను ఒకసారి చూడండి. వెనుక వరుసల్లో ఉన్నవారికి సరిగా కనిపించదని తెలుసు. చివర్లో ఎలాగూ మీ చేతికే ఇస్తాను. ఇది లారీ బరువును ఇరుసు మీద మోసే కమాను కట్టలోంచి తీసిన పట్టీ, అందులోనూ సగం ముక్క. ఇది ఎందుకు విరిగిందో మధ్యలో చెబుతాను. మనం ఈరోజు మాట్లాడుకోబోయే వెయ్యి హార్స్‌పవర్ ట్రక్కులకూ, విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందైనా పడి ఉండే ఇటువంటి ముక్కకూ ఉన్న చుట్టరికం చాలా దగ్గరిది.

డకార్ ర్యాలీ వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. 1978 డిసెంబరు చివర్లో పారిస్‌లో బయలుదేరి 1979 జనవరిలో సెనెగల్ రాజధాని డకార్ చేరిన పోటీ అది. తియెరీ సబీన్ అనే ఫ్రెంచి మోటారుసైకిలు పోటీదారు దానిని ప్రారంభించారు. మౌరిటేనియాలో భద్రత లేదన్న కారణంతో 2008లో పోటీ రద్దయింది. 2009 నుంచి 2019 వరకు దక్షిణ అమెరికాలో జరిగింది, 2020 నుంచి సౌదీ అరేబియాలో జరుగుతోంది. డకార్ పేరు మోస్తూ డకార్ వైపు తిరిగి చూడని పోటీ అన్నమాట. మోటారుసైకిళ్లు, కార్లు పోటీపడే ఎడారిలోనే ట్రక్కులూ పోటీపడతాయి. దాదాపు రెండు వారాలపాటు, రోజుకు కొన్ని వందల కిలోమీటర్లు, ఇసుక దిబ్బల మీదుగా, రాళ్ల మీదుగా, ఎండిన వాగుల మీదుగా సాగే ప్రయాణం అది.

ఇటువంటి పోటీకి ఒక ట్రక్కు తయారు చేయమని మీకు అప్పగిస్తే మొదట దేని గురించి ఆలోచిస్తారు? ముందు వరుసలో ఎవరో ఇంజిన్ అన్నారు. ఈ ప్రశ్న నేను ఎక్కడ అడిగినా వచ్చే జవాబు అదే. తప్పేమీ లేదు, నేనూ మీ వయసులో అదే చెప్పేవాడిని. ఇప్పుడు అడిగితే మాత్రం నా జవాబు బరువు. బరువు, బరువు, మళ్లీ బరువు.

ఎందుకో చెబుతాను. ఈ పోటీలో ట్రక్కు కనీసం 8,500 కిలోలు ఉండాలన్నది నియమం. రేసు కార్ల ఇంజనీరింగ్ చదివినవారికి తెలుసు, అక్కడ సగం తెలివి బరువు తగ్గించడానికే ఖర్చవుతుంది. ఇక్కడ ఆ తలుపు ముందే మూసేశారు. ఎనిమిదిన్నర టన్నులకు ఇంధనం, ముగ్గురు మనుషులు, విడి చక్రాలు, పనిముట్లు కలిస్తే బయలుదేరేటప్పుడు తొమ్మిది టన్నులు దాటుతుంది. అంత బరువును తగ్గించలేనప్పుడు ఇంజనీరు చేతిలో మిగిలేవి రెండే పనులు. ఆ బరువును వాహనంలో ఎక్కడ కూర్చోబెట్టాలో నిర్ణయించడం ఒకటి, అది గాలిలోకి లేచి కిందికి వస్తున్నప్పుడు ఎలా పట్టుకోవాలో నిర్ణయించడం రెండవది. మిగతావన్నీ, మీరు చెప్పిన ఇంజిన్‌తో సహా, ఈ రెండింటి తరువాతే వస్తాయి.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. 1980లలో ఇంజినే సర్వస్వం అని నమ్మి, ఆ నమ్మకాన్ని చివరి అంచుదాకా తీసుకువెళ్లినవారు ఉన్నారు. నెదర్లాండ్స్‌కు చెందిన యాన్ డి రోయ్ అనే రవాణా వ్యాపారి డాఫ్ కంపెనీ ట్రక్కుతో పోటీకి దిగేవారు. ఒక ఇంజిన్‌తో తృప్తి కలగలేదు. ఒకే ట్రక్కులో రెండు ఇంజిన్లు పెట్టారు. ఒకటి ముందు ఇరుసును, రెండవది వెనుక ఇరుసును తిప్పేది. 1987లో ఆ రెండు ఇంజిన్ల ట్రక్కుతోనే ఆయన గెలిచారు. 1988కి తెచ్చిన కొత్త బండిలో రెండు ఇంజిన్లూ కలిసి దాదాపు 1,200 హార్స్‌పవర్ ఇచ్చేవి, వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటేది. ఆ ఏడాది ఎడారిలో ఆరీ వాటనెన్ నడుపుతున్న ప్యూజో రేసు కారు పక్కనే ఈ ట్రక్కు పరుగెత్తి దానిని దాటిపోతున్న దృశ్యం ఇప్పటికీ జనం చూస్తూనే ఉన్నారు. చూసినవారు ఎవరైనా నవ్వకుండా ఉండలేరు. పది టన్నుల బండి రేసు కారును దాటుతోందంటే నవ్వు రాక ఏం చేస్తుంది?

అదే 1988 పోటీలో, అదే జట్టుకు చెందిన రెండవ ట్రక్కు విపరీతమైన వేగంలో అదుపు తప్పి పల్టీలు కొట్టింది. అందులో దారి చెప్పే నావిగేటర్ ప్రాణాలు కోల్పోయారు, మిగిలిన ఇద్దరూ గాయపడ్డారు. డాఫ్ తన జట్టును అక్కడికక్కడే పోటీ నుంచి తప్పించింది. మరుసటి ఏడాది, 1989లో, ట్రక్కుల పోటీ అసలు జరగనే లేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. గతిశక్తి వేగం వర్గంతో పెరుగుతుందని ఇంటర్మీడియట్‌లోనే చదివారు. ఇప్పుడు ట్రక్కులకు పోటీలో గంటకు 140 కిలోమీటర్ల పరిమితి ఉంది. 140 నుంచి 200కు వెళ్లామనుకోండి. వేగం ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు, కానీ శక్తి రెండు రెట్లయింది. ఆ రెండింతల శక్తిని ఇంజిన్ ఇస్తుంది సరే. దానిని తిరిగి తీసుకునేది ఎవరు? బ్రేకులు, టైర్లు, కమాన్లు, కుదుపులను అణచే షాకప్‌లు, చివరికి మనుషుల వెన్నెముకలు. ఇంజిన్ ఇచ్చేది ఒక్కటే, తీసుకోవలసినవి ఇన్ని. 1988 నాటి సాంకేతికత ఇవ్వడం నేర్చుకుంది కానీ తీసుకోవడం నేర్చుకోలేదన్నది నా అభిప్రాయం.

మరి 1988లో గెలిచిందెవరు? ఇదే నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే సంగతి. చెకొస్లొవాకియాకు చెందిన కారెల్ లోప్రైస్ టాట్రా ట్రక్కుతో గెలిచారు. డాఫ్ ముందు దాని ఇంజిన్ ఏ మూలకూ రాదు. కానీ దాని అడుగుభాగం వేరు. లోప్రైస్ ఆ తరువాత 1994, 1995, 1998, 1999, 2001లలో కూడా గెలిచారు, మొత్తం ఆరుసార్లు. అంటే 1988 గెలుపు ఎదుటివారు తప్పుకోవడం వల్ల దక్కిన గాలివాటు గెలుపు కాదని మనం ధైర్యంగా చెప్పవచ్చు.

టాట్రా అడుగుభాగంలో ఏముంది? మన లారీలకు రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటి మధ్య నిచ్చెన మెట్లలాగా అడ్డపట్టీలు ఉంటాయి. టాట్రాలో వాటికి బదులు మధ్యలో ఒక లావుపాటి ఉక్కు గొట్టం వెన్నెముకలా ఉంటుంది. చక్రాలకు శక్తిని మోసుకెళ్లే షాఫ్టు ఆ గొట్టం లోపలే తిరుగుతుంది. గొట్టానికి రెండువైపులా సగం సగం ఇరుసులు రెక్కల్లా అతికి, దేనికది పైకీ కిందికీ ఊగుతుంది. హాన్స్ లెడ్వింకా అనే ఇంజనీరు 1923లో టాట్రా 11 అనే చిన్న కారు కోసం చేసిన ఆలోచన ఇది. ఒక చక్రం గోతిలో పడితే రెండవవైపు చక్రానికి ఆ సంగతి తెలియనవసరం లేదు. షాఫ్టు తిప్పుడును చక్రాల వైపు మళ్లించే క్రౌన్ పళ్లచక్రాలు గొట్టంలోనే ఉండిపోతాయి కాబట్టి చక్రంతో పాటు ఎగిరిపడే బరువు తగ్గుతుంది. నిచ్చెన చట్రం మెలి తిరుగుతుంది, గొట్టం అంత సులువుగా మెలి తిరగదు. ఒక తడిగుడ్డను పిండి చూడండి, తరువాత ఒక ఇనుప పైపును పిండి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

మనకు ఇది పరాయి బండి కూడా కాదు. ప్రభుత్వ రంగంలోని బీఈఎంఎల్ సంస్థ 1986 నుంచి మన సైన్యం కోసం టాట్రా ట్రక్కులను తయారు చేస్తూ వచ్చింది. రిపబ్లిక్ దినోత్సవ కవాతులో బ్రహ్మోస్ క్షిపణిని మోసుకొచ్చే పన్నెండు చక్రాల వాహనం ఈ వంశానిదే. ఆ క్షిపణుల కూర్పు మన హైదరాబాదులోనూ జరుగుతుంది. ఈసారి కవాతు చూసేటప్పుడు క్షిపణిని కాస్త పక్కనపెట్టి చక్రాలను చూడండి. బరువు లేనప్పుడు చక్రాలు పైభాగంలో బయటికి, కిందిభాగంలో లోపలికి వాలి నిలబడి ఉంటాయి, మోకాళ్లు దూరంగా పెట్టి పాదాలు దగ్గరగా పెట్టిన మనిషిలాగా. ఇదే దాని లోపం కూడా. గాలిలోకి లేచినప్పుడు ఆ రెక్కలు ఇంకా కిందికి వాలిపోయి, నేలను తాకేటప్పుడు టైరు పూర్తి వెడల్పుతో కాకుండా అంచుతో తాకుతుంది. వేగం పెరిగినకొద్దీ ఆ లోపం పెద్దదవుతుంది. ఏ మంచి రూపకల్పనకైనా దాని మంచితనంలోంచే ఒక చెడు పుడుతుంది, దానిని ముందే తెలుసుకోవడం మన పని.

ఎగిరి దిగడం లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒక తొమ్మిది టన్నుల ట్రక్కు ఇసుక దిబ్బ అంచు మీదుగా దూకి ఒక మీటరు కిందికి పడిందనుకోండి. ఒక మీటరంటే ఆ పోటీలో చాలా చిన్న దూకుడు. పడే సమయానికి కిందివైపు వేగం సెకనుకు నాలుగున్నర మీటర్లకు దగ్గరగా ఉంటుంది. ఆ వేగాన్ని సున్నా చేయాలి. ఎంత దూరంలో చేస్తారు అన్నదే ప్రశ్న.

సస్పెన్షన్, అంటే కమాను, షాకప్ కలిసిన అమరిక, 10 సెంటీమీటర్లు మాత్రమే కుంగుతుందనుకుంటే నేల ట్రక్కును సగటున దాని బరువుకు పదకొండు రెట్లతో పైకి తన్నాలి, అంటే దాదాపు 99 టన్నులు. 20 సెంటీమీటర్లు కుంగితే ఆరు రెట్లు, 54 టన్నులు. 30 సెంటీమీటర్లు కుంగితే నాలుగు రెట్ల పైచిలుకు, 39 టన్నులు. ట్రక్కు అదే, ఎత్తు అదే, మారింది కుంగే దూరం ఒక్కటే. తొంభై తొమ్మిది టన్నులు ముప్ఫై తొమ్మిదికి వచ్చాయి. చిన్నప్పుడు మామిడిచెట్టు మీంచి దూకేటప్పుడు మోకాళ్లు వంచమని పెద్దవాళ్లు చెప్పింది కూడా ఇదే లెక్క.

కానీ నేను సగటు అన్నాను, గమనించారా? సగటు అనే మాట ఇంజనీర్లను ముంచుతుంది. కమాను ఒక్కటే ఉంటే ఏమవుతుంది? కమాను బలం కుంగే దూరంతో పెరుగుతుంది. మొదట్లో దాదాపు ఏమీ అడ్డుకోదు, చివర్లో ఒక్కసారిగా అడ్డుకుంటుంది. అందువల్ల గరిష్ఠ బలం సగటుకు దాదాపు రెట్టింపవుతుంది. షాకప్ స్వభావం దీనికి తలకిందులు. దాని బలం వేగంతో పెరుగుతుంది. నేలను తాకిన తొలి క్షణంలో వేగం ఎక్కువ కాబట్టి అప్పుడే ఎక్కువగా అడ్డుకుంటుంది, చివర్లో వేగం తగ్గాక అదీ తగ్గుతుంది. ఒకటి మొదట బలంగా, ఇంకొకటి చివర బలంగా పనిచేస్తే, రెండూ కలిసి మొదటి నుంచి చివరిదాకా సమానమైన బలంతో పట్టుకుంటాయి. బోర్డు మీద గీశాను చూడండి. ఈ రెండు వంపు గీతలూ కలిస్తే దాదాపు సమతలంగా ఒక గీత వస్తోంది. ర్యాలీ ట్రక్కు సస్పెన్షన్ ఇంజనీరు జీవితమంతా ఈ గీతను చదును చేయడంలోనే గడిచిపోతుంది.

ఇంకొక సంగతి ఉంది. కమాను పుచ్చుకున్న శక్తిని దాచుకొని తిరిగి ఇచ్చేస్తుంది. అదుపు లేకపోతే ట్రక్కు వెనుక భాగం గుర్రం వెనక్కాళ్లతో తన్నినట్టు పైకి లేస్తుంది, అప్పుడు ముందు భాగం ఇసుకలో గుచ్చుకుంటుంది. షాకప్ ఆ శక్తిని వేడిగా మార్చి గాలికి వదిలేయాలి. ఒక్కో చక్రానికి రెండేసి షాకప్‌లు పెట్టడం ఈ ట్రక్కులలో మామూలు. గంటల తరబడి కొట్టుకునేసరికి లోపలి నూనె కాగిపోతుంది. కాగిన నూనెలో బుడగలు వస్తే షాకప్ ఉన్నట్టే కనిపిస్తుంది కానీ పనిచేయదు, అందుకే లోపల నైట్రోజన్ వాయువును ఒత్తిడితో నింపి బుడగలు పుట్టకుండా చూస్తారు. ఎడారిలో ట్రక్కు హఠాత్తుగా నెమ్మదించిందంటే ఇంజిన్ చెడిపోయిందనే అనుకోనక్కరలేదు, చాలాసార్లు షాకప్ నూనె వేడెక్కి ఉంటుంది.

ఇక ఈ ముక్క కథ. అప్పట్లో నేను ఒక ట్రక్కుల కంపెనీ సస్పెన్షన్ విభాగంలో పనిచేసేవాడిని. ప్రకాశం జిల్లాలో గ్రానైట్ దిమ్మలు మోసే లారీ ఒకటి తరచూ కమాను పట్టీలు విరగ్గొడుతోందని ఫిర్యాదు వచ్చింది. వెళ్లాను. గ్రానైట్ దిమ్మలను చూశాను. పరిమితికి మించిన బరువు వల్ల విరిగిందని చేతిలో ఉన్న కాగితం మీద అక్కడే రాసేశాను. పక్కన నిలబడిన పెద్దవయసు మిస్త్రీ ఒకాయన ఆ ముక్కను కిరసనాయిలు గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టి, "బరువుకు విరిగితే ఒక్కసారే విరుగుతుంది సార్, ఇది నెలల తరబడి తెగుతూ వచ్చింది" అన్నారు. చూశాను కదా, విరిగిన ముఖం మీద ఆల్చిప్ప మీద ఉండే గీతల్లాంటి వంపు గీతలు ఉన్నాయి, ఒకదాని తరువాత ఒకటి, అన్నీ ఒకే చుక్క చుట్టూ. ఆ చుక్క దగ్గర ఆవగింజంత వెల్డింగ్ మచ్చ ఉంది. బాడీ కట్టేటప్పుడు పైన వెల్డింగ్ చేస్తూ, రాడ్డు మొన ఒక్క క్షణం పట్టీకి తగిలించారు. ఆ క్షణంలో అక్కడ ఉక్కు కరిగి, వెంటనే చల్లారి, గాజులా పెళుసెక్కింది. పగులు అక్కడ పుట్టింది, లారీ కుంగినప్పుడల్లా వెంట్రుకవాసి ముందుకు జరిగింది. నా రిపోర్టు చింపేసి మళ్లీ రాశాను.

ర్యాలీ ట్రక్కులలో ఇప్పటికీ చాలావాటికి కమాను పట్టీలే ఉంటాయంటే మీరు ఆశ్చర్యపోతారు. వెయ్యి హార్స్‌పవర్ బండికి ఎద్దుబండి కాలం నాటి సరుకా అని అడగవచ్చు. దానికి కారణాలు ఉన్నాయి. ట్రక్కు మార్కెట్లో అమ్ముడయ్యే వాహనం నుంచి పుట్టి ఉండాలన్నది నియమాల ఉద్దేశం. పైగా కమాను పట్టీ బరువు మోయడంతో పాటు ఇరుసు ముందుకూ వెనక్కూ పక్కకూ జరగకుండా పట్టుకుంటుంది, రెండు పనులు ఒక్క ముక్కతో తీరిపోతాయి. అయితే మన లారీ కట్టలో పది పన్నెండు పట్టీలు ఒకదానినొకటి రాసుకుంటూ ఉంటాయి. ర్యాలీ ట్రక్కులో పొడవైన, మధ్యలో మందంగా చివరలకు పలచబడే పట్టీలు కొద్దిగా మాత్రమే ఉంటాయి. రాపిడి తగ్గితే చిన్న ఎత్తుపల్లాలకు కూడా చక్రం స్పందిస్తుంది. అడ్డుకునే పనిని షాకప్‌కు వదిలేసి, మోసే పనిని మాత్రం పట్టీకి ఉంచుతారు. పట్టీ ఉపరితలాన్ని సన్నని ఉక్కు గుళ్లతో కొట్టి, పైపొరను లోపలికి నొక్కి ఉంచుతారు. అలా నొక్కిన పొరలో పగులు పుట్టడం కష్టం. వెల్డింగ్ మచ్చ లాంటిది పడితే ఆ శ్రమంతా వృథా అవుతుందని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

బరువును కూర్చోబెట్టడం

ఎలా పట్టుకోవాలో చూశాం. ఎక్కడ పెట్టాలి అన్నది మిగిలింది. ట్రక్కు దిబ్బ అంచు దాటేటప్పుడు ముందు చక్రాలు గాలిలోకి వెళతాయి, వెనుక చక్రాలు ఇంకా ఇసుక మీదే ఉంటాయి. ఆ కొద్ది సమయంలో భూమ్యాకర్షణ ట్రక్కును వెనుక ఇరుసు చుట్టూ ముందుకు తిప్పుతుంది. బరువు ఎంత ముందుకు ఉంటే అంత గట్టిగా తిప్పుతుంది. అందువల్ల ర్యాలీ ఇంజనీర్లు ఇంజిన్‌ను వీలైనంత వెనక్కి, రెండు ఇరుసుల మధ్యకు జరుపుతారు. ఇంధన ట్యాంకులు, విడి చక్రాలు కూడా మధ్యలో, వీలైనంత కిందికి వస్తాయి. విడి చక్రం అంటే మీ కారు స్టెప్నీ అనుకోకండి. రిమ్ముతో కలిపి 150 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది.

రష్యాలోని టాటర్‌స్తాన్‌కు చెందిన కమాజ్ జట్టు ఈ పనిలో చేయి తిరిగిన జట్టు. నాబెరెజ్నియె చెల్నీ ఫ్యాక్టరీలో 1988లో సెమ్యోన్ యాకుబోవ్ ఆధ్వర్యంలో జట్టు ఏర్పడింది, 1996లో తొలి గెలుపు దక్కింది, 2022 నాటికి మొత్తం 19 గెలుపులు. అందులో వ్లాదిమిర్ చాగిన్ ఒక్కరే ఏడుసార్లు గెలిచారు. 2022లో మొదటి నాలుగు స్థానాలూ వారివే. ఉక్రెయిన్ యుద్ధం వల్ల ఏర్పడిన పరిస్థితుల్లో 2023 నుంచి వారు పోటీలో లేరు. ఈ ఆధిపత్యం మధ్య 1997లో జపాన్ హీనో ట్రక్కులు మొదటి మూడు స్థానాలూ ఎగరేసుకుపోయాయి, అదీ పది లీటర్ల లోపు ఇంజిన్లతో. ఇంజిన్ అని జవాబు చెప్పిన మిత్రుడు ఇది రాసుకోవాలి.

డ్రైవరు సీటు కూడా బరువే, అందులోనూ ప్రాణమున్న బరువు. మన లారీలలాగే ఐరోపా ట్రక్కులలో చాలావరకు కేబిన్ ముందు ఇరుసు మీద ఉంటుంది. ఉయ్యాలబల్ల చివర కూర్చున్న పిల్లవాడికి ఊపు ఎక్కువ, మధ్యలో కూర్చున్నవాడికి తక్కువ. ముందు ఇరుసు మీద కూర్చున్న డ్రైవరు ఉయ్యాలబల్ల చివరవాడు. ప్రతి దూకుడుకూ దెబ్బ నేరుగా వెన్నెముకకే తగులుతుంది. అందుకే ముందుకు ముక్కు పొడుచుకొచ్చిన, కేబిన్ వెనక్కి జరిగిన ట్రక్కులు వచ్చాయి. 1988లో రెండు ఇంజిన్ల బండి నడిపిన యాన్ డి రోయ్ గారి కుమారుడు గెరార్డ్ డి రోయ్ 2012లో అటువంటి ముక్కున్న ఇవెకో ట్రక్కుతోనే గెలిచారు, 2016లో మళ్లీ గెలిచారు. కమాజ్ కూడా తరువాత ముక్కున్న ట్రక్కు తయారు చేసింది. 2024, 2025లలో మార్టిన్ మాసిక్ గెలిచింది కూడా ఇవెకోతోనే. తండ్రి బలం పెంచుకున్నారు, కొడుకు సీటు వెనక్కి జరుపుకున్నారు. నాకు ఆ ఇంటి కథ ముచ్చటగా ఉంటుంది.

సరే, ఇంజిన్ దగ్గరికి ఇప్పుడు వద్దాం. చాగిన్ కాలంలో కమాజ్‌లో 17, 18 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల వీ8 డీజిల్ ఇంజిన్లు ఉండేవి. తరువాత నియమాలు పరిమాణానికి కళ్లెం వేస్తూ వచ్చాయి, ఇప్పుడు 13 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్లే దాదాపు 1,000 హార్స్‌పవర్ ఇస్తున్నాయి. మన రోడ్ల మీద తిరిగే సాధారణ లారీకి నాలుగు రెట్లు అన్నమాట. వెయ్యి హార్స్‌పవర్ అంటే దాదాపు 750 కిలోవాట్లు. డీజిల్ ఇంజిన్ ఇంధన శక్తిలో నలభై శాతం చక్రాలకు ఇస్తుందనుకుంటే, లోపలికి వెళ్లే శక్తి 1,900 కిలోవాట్లకు దగ్గర. అందులో నాలుగోవంతు నీటిలోకీ నూనెలోకీ పోతుందనుకున్నా 450 కిలోవాట్ల పైమాటే. ఈ హాలులో నాలుగు వందల యాభై ఇస్త్రీపెట్టెలు ఒకేసారి వేడెక్కుతున్నాయని ఊహించుకోండి. బయట ఎండ, లోపల ఈ వేడి, మధ్యలో ఇసుక. ముందు భాగంలో రేడియేటర్ పెడితే రాళ్లూ ఇసుకా దానిని బతకనివ్వవు. అందుకే చాలా ట్రక్కులలో రేడియేటర్‌ను కేబిన్ వెనక్కి, టార్పాలిన్ కింద దాచి, పెద్ద ఫ్యాన్లతో గాలి తోలుతారు. వెనుక నుంచి చూస్తే సరుకుల బండిలా కనిపించేది నిజానికి కొలిమి.

ఇంధనం సంగతి రెండు మాటల్లో చెబుతాను. ఇసుకలో వంద కిలోమీటర్లకు వంద లీటర్ల డీజిల్ పట్టడం ఈ ట్రక్కులకు మామూలే. అంటే లీటరుకు ఒక కిలోమీటరు. అందుకే వెయ్యి లీటర్ల స్థాయి ట్యాంకులు కావాలి. ఉదయం నిండిన ట్యాంకు సాయంత్రానికి ఖాళీ అయితే ఎనిమిది వందల కిలోల పైన బరువు తగ్గిపోతుంది. ఉదయం బరువుకు సరిపోయిన కమాను సాయంత్రం బరువుకు మరీ గట్టిదవుతుంది. ట్యాంకును ఇరుసుల మధ్య ఎందుకు పెట్టారో ఇప్పుడు ఇంకో కారణం దొరికింది కదా? ఎంత ఖాళీ అయినా ముందువెనుకల తూకం పెద్దగా మారకూడదు.

చివరగా టైర్లు. ఒక్కో టైరు మీద రెండుంపావు టన్నుల బరువు పడుతుంది. టైరులో గాలి చదరపు సెంటీమీటరుకు ఐదు కిలోల ఒత్తిడితో, అంటే మీ పెట్రోలు బంకు భాషలో 70 పీఎస్ఐతో ఉంటే, ఆ బరువు మోయడానికి దాదాపు 450 చదరపు సెంటీమీటర్ల నేల చాలు, ఒక ఏ4 కాగితం కంటే తక్కువ. ఇసుకలో అది గునపంలా దిగిపోతుంది. ఒత్తిడిని ఒక కిలోకు, దాదాపు 15 పీఎస్ఐకి తగ్గిస్తే అదే టైరు 2,250 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటుంది. టైరు గోడ గట్టిదనాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు, కానీ దిశ ఇదే. గోదావరి ఇసుక రేవుల్లో ఇరుక్కున్న లారీ డ్రైవర్లు టైర్లలో గాలి తీయడం మీరు చూసే ఉంటారు, వాళ్లకు ఈ సూత్రం ఎవరూ చెప్పనక్కరలేదు.

తేడా ఏమిటంటే ర్యాలీ ట్రక్కులో ఎవరూ కిందికి దిగరు. కేబిన్‌లో మీట నొక్కితే చాలు. చక్రం మధ్యలోంచి బయటికి వచ్చి, వంపు తిరిగి మళ్లీ రిమ్ములోకి వెళ్లే గొట్టం ఒకటి ఫొటోలలో కనిపిస్తుంది, గాలి దాని గుండా వస్తుంది, పోతుంది. తిరుగుతున్న చక్రంలోకి, తిరగని ట్రక్కు చట్రం నుంచి గాలి పంపడం చిన్న పని కాదు. మధ్యలో గాలి కారకుండా ఆపుతూ తిరిగే సీలు మీద ధూళి, వేడి, ఒత్తిడి మూడూ పడతాయి. గాలి తీయడం త్వరగా అవుతుంది, నింపడం నెమ్మదిగా అవుతుంది. దిబ్బలు దాటాక రాతి నేల వస్తుంది. తక్కువ గాలితో అక్కడ వేగంగా వెళితే టైరు గోడ నలిగి, వేడెక్కి చిరిగిపోతుంది. ఆగితే సమయం పోతుంది, ఆగకపోతే టైరు పోతుంది.

ఈ నిర్ణయం తీసుకునేది సాధారణంగా మూడవ మనిషి. కార్లలో ఇద్దరే ఉంటారు, ట్రక్కులో ముగ్గురు. డ్రైవరు, దారి చెప్పే నావిగేటర్, ఇంకొకరు మెకానిక్. మన లారీ క్లీనరుకు ఇంజనీరింగ్ డిగ్రీ వస్తే ఎలా ఉంటుందో అలా అనుకోండి. నూనె ఉష్ణోగ్రత, టైర్ల ఒత్తిడి, ఇంజిన్ వేడి అన్నీ ఆయన కళ్ల ముందు ఉంటాయి. షాకప్ కారినా పట్టీ విరిగినా ఎడారి మధ్యలో దిగి మార్చేది ఆయనే. ఇప్పుడు విద్యుత్ మోటారు కలిపిన హైబ్రిడ్ ట్రక్కులు వచ్చాయి, 2022లో హైడ్రోజన్‌తో నడిచే ట్రక్కును కూడా ప్రదర్శనకు తెచ్చారు. వాటిలోనూ ఆ మూడవ సీటు అలాగే ఉంది. బ్యాటరీ వల్ల అదనంగా వచ్చే కిలోలను ఎక్కడ పెట్టాలన్నది కొత్త తలనొప్పి, పాత ప్రశ్న.

నాకు ఇచ్చిన సమయం అయిపోయింది. ఈ పట్టీ ముక్కను ముందు వరుస నుంచి అందిస్తున్నాను, ఒకరి తరువాత ఒకరు చూసి వెనక్కి పంపండి. కాంతికి ఏటవాలుగా పట్టుకుంటే ఆల్చిప్ప గీతలు కనిపిస్తాయి, అవి కలిసే చోట ఆ మచ్చ ఉంటుంది, వేలితో తడిమి చూడండి. విరిగిన అంచు పదునుగా ఉంది, చేయి తెగకుండా చూసుకోండి.